బీరువా మలుపు దగ్గర

మేడం పోయారన్న సంగతి మేఘన ఫోన్ చేసి చెప్పింది. సోమవారం పొద్దున అప్పుడే ఆఫీసులో అడుగుపెట్టాను. బ్యాగు ఇంకా భుజానే ఉంది. "అత్త పోయింది" అంది. నేను కుర్చీ అంచున కూలబడ్డాను. కళ్లలో నీళ్లు తిరగడానికి ముందే నాకు వచ్చిన ఆలోచన వేరే: ఈమెకు ముందు ఎట్లా తెలిసింది? మేడం కొడుకు నాకు చేయకుండా ఈమెకెందుకు ఫోన్ చేశాడు?

పోయిన మనిషిని తలుచుకుంటూ ఇలాంటి మాటతో మొదలుపెట్టకూడదని నాకూ తెలుసు. కానీ మేడం ఉంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టమనేవారు. కుళ్లు ఉన్నవాళ్లతో ఆమెకు పేచీ లేదు. లేదని చెప్పేవాళ్లనే నమ్మేవారు కాదు.

నల్లగండ్లలో ప్లైవుడ్ షాపు నడిపిన మేడం గురించి రాస్తున్నాను. ఆ షాపు మీది అంతస్తులో ఆదివారం మధ్యాహ్నాలు మేము కార్ల పందేలు ఆడేవాళ్లం. పిల్లలు నేల మీద తోసుకునే కార్లు కావు. అరచేతిలో ఇమిడేంత ఉంటాయి, లోపల మోటారు ఉంటుంది. నల్ల రంగు వేసిన చెక్క ట్రాక్ మీద సన్నటి గాడులు చెక్కి, గాడికి రెండు పక్కలా రాగి పట్టీ అతికించి, దానిలో కరెంటు పంపుతారు. కారు అడుగున ఉండే చిన్న నాలుక గాడిలో దిగుతుంది. మన చేతిలో కంట్రోలర్, దానికి ఒక ట్రిగ్గర్ ఉంటుంది. నొక్కితే కారు పరుగెత్తుతుంది, వదిలితే ఆగుతుంది. తిప్పడానికి ఏమీ ఉండదు. మలుపులో కాస్త ఎక్కువ నొక్కామా, కారు గాడిలోంచి లేచి ఎగిరిపోతుంది. అక్కడ నిలబడ్డ మనిషి దాన్ని తీసి మళ్లీ గాడిలో పెట్టాలి. పెట్టేదాకా మనం చూస్తూ ఉండాల్సిందే.

ఇంతే ఆట. దీనికి లీగ్ అని పేరు పెట్టుకుని, పాయింట్లు వేసుకుని, సీజన్ పొడుగునా మేము తిండి మీద కూడా ధ్యాస లేకుండా ఆడాం. ఎక్కువ మంది చుట్టుపక్కల టవర్లలో పనిచేసే సాఫ్ట్‌వేర్ వాళ్లు. ఒక పళ్ల డాక్టరు ఉండేవాడు. షాపులో ట్రాలీ ఆటో నడిపే శ్రీను అన్న ఉండేవాడు. అందరికీ పెద్ద దిక్కు మేడం.

నేను ఆ షాపుకు మొదట పోయింది ఆట కోసం కాదు, బల్ల కోసం. టెస్టింగులో ఉద్యోగం వచ్చిన కొత్త. వారంలో సగం రోజులు ఇంటి నుంచే పని. మా ఇల్లు బోరబండలో ఒక గది, దానికి ఆనుకుని వంట చేసుకునే కొంచెం చోటు. నాన్న వాచ్‌మన్, అమ్మ ఒక టవరులో హౌస్‌కీపింగ్. మా వాళ్లలో బడి మెట్లెక్కి చివరిదాకా చదివింది నేనే కాబట్టి, రాసుకునే బల్ల అన్నది మా ఇంట్లోకి ఎప్పుడూ రాలేదు. శ్రీను అన్నది మా గల్లీయే. "మా మేడం కాడికి రా చెల్లె, మంచిగ కోసిస్తది" అని ఆటోలో తీసుకుపోయాడు.

మేడం మెడలో కొలిచే టేపు వేసుకుని కౌంటరు దగ్గర నిలబడి ఉన్నారు. ఎంత బల్ల కావాలని అడిగారు. నేను ఆఫీసులో చూసినంత బల్ల చెప్పాను. ఇంట్లో ఎక్కడ వేస్తావని అడిగారు. కిటికీ కింద అన్నాను.

"రాత్రికి పండుకునేది యాడ?"

అదీ అక్కడే అన్నాను.  ఆమె ఒక ముక్క మీద పెన్సిలుతో గీత గీసి, "గోడకు మడిచేది చేస్తా. పని అయినాక ఎత్తి గొళ్లెం పెట్టుకో. మీ అమ్మ కాళ్లకు అడ్డం లేకుండా ఉంటాది" అన్నారు. మా ఇల్లు చూడకుండానే అందులో ఎవరు ఏ వైపు తల పెట్టుకుంటారో చూసినట్టు మాట్లాడిన మనిషి ఆమె. ఆ బల్ల మీదే ఇది రాస్తున్నాను.

బల్ల కోస్తుండగా పైనుంచి ఒక చప్పుడు వినిపించింది. తేనెటీగలు గుంపుగా తిరుగుతున్నట్టు, మధ్యలో ఒక్కసారి ఆగిపోయి మళ్లీ మొదలవుతూ ఉంది. ఏమిటని అడిగితే, "పోయి చూసిరా, దీనికి ఇంగా సేపు పడ్తాది" అన్నారు. పోయి చూశాను. బల్ల ఆటోలో ఎక్కించాక కూడా నేను కిందికి దిగలేదు. శ్రీను అన్న వచ్చి పిలవాల్సి వచ్చింది.

ఆ ట్రాక్ ఎట్లా వచ్చిందో మేడం చాలాసార్లు చెప్పారు. వంటింటి తలుపుల మీద డిజైన్లు చెక్కడానికి ఆమె ఒక మిషన్ తెచ్చుకున్నారు. తెల్లాపూర్ నుంచి ఒకాయన వచ్చి, తన పిల్లలకు ఇట్లాంటి ట్రాక్ చెక్కి ఇవ్వమని బొమ్మ గీసి ఇచ్చాడు. చెక్కి ఇచ్చారు. ఆ పెద్దమనిషి సంతోషంగా తీసుకుపోయాడు. "ఆ చెక్క పోతాంటే చూస్తా నిలబడినా. నా బిడ్డలకు నేను ఇట్లాంటిది ఒక్కటి కొనియ్యలేదే, నేను చిన్నప్పుడు ఒక్కటి ముట్టుకోలేదే అని కుళ్లు పుట్టింది మ్మా. ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు. మర్రోజు మిషన్ ఆన్ చేసి, దాని కంటే పెద్దది నాకోసమే చెక్కుకున్నా." ఆ 'దాని కంటే పెద్దది' అన్న చోట ప్రతిసారీ ఆమె ముఖం వెలిగిపోయేది.

నంద్యాల వైపు నుంచి పెళ్లయి వచ్చి, భర్త పోయాక షాపు మూసేస్తారేమో అని అందరూ అనుకుంటుంటే రెండింతలు చేసిన మనిషి. అది ఎట్లా సాధ్యమైందని ఎవరైనా అడిగితే ఓపిక, కష్టం అని చెప్పేవారు కాదు. "ఎదురు షాపు వాన్ని చూసి కుళ్లుకున్నా" అనేవారు.

ఆదివారాలు ఆమె చేసే పనులు కొన్ని నాకు కళ్లకు కట్టినట్టు ఉన్నాయి. ప్యాకింగు టేపును జిగురు వైపు పైకి పెట్టి, దాని మీద ఒక్కొక్కరి కారు టైర్లను దొర్లించి దుమ్ము తీయించేవారు. రాగి పట్టీని పాత పంచె గుడ్డతో తుడిచేవారు, వేరే బట్ట ముట్టనిచ్చేవారు కాదు. ఇంటి నుంచి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెచ్చేవారు. టీ సాసరులో పోసుకుని, ట్రాక్ మీద ఒక్క చుక్క పడితే ఊరుకోనని మాకు చెబుతూ తానే ట్రాక్ పక్కన తాగేవారు. తర్వాత చివర్లో ఉన్న కుర్చీలో కూర్చుని కరెంటు బటన్ మీద వేలు పెట్టి, "లైన్ ఇస్తాండా" అనేవారు. ఆ మాటకు అందరం ట్రాక్ మీదికి వంగేవాళ్లం.

ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు ఆడకూడదు. కార్లు ఒకదానికొకటి అడ్డం పడ్డప్పుడు కరెంటు ఆపడం, ఎవరి తప్పో చెప్పడం, ఎవరికి ఏ రంగు గాడి వస్తుందో తేల్చడం వాళ్ల పని. మేడం ఆ పని కోసం ఆడడం మానుకున్నారు.

ఇక అసలు సంగతి. మా లీగ్‌లో ఉన్న ఆ ఆచారం ఇంకెక్కడా ఉండదనుకుంటాను. పందెం మొదలయ్యే ముందు అందరం ట్రాక్ చుట్టూ నిలబడతాం. మేడం ఒక్కొక్కరి వైపు చూసి, "ఈ పొద్దు ఎవరి మీద?" అని అడుగుతారు. ఎవరిని చూసి కుళ్లు పుడుతోందో, ఎందుకో, పైకి చెప్పాలి. చెప్పాక, ఆ మనిషి ఆడే విడతలో బీరువా మలుపు దగ్గర నిలబడి, ఆ మనిషి కారు ఎగిరిపోతే తీసి పెట్టాల్సింది మనమే. షోరూములో అమ్ముడుపోని ఒక బీరువా పక్కన ఉండే మలుపు అది. ఎక్కువ కార్లు ఎగిరేది అక్కడే.

మొదట్లో ఈ ఆచారం లేదట. ఒకే ఆఫీసులో పక్కపక్కన కూర్చునే ఇద్దరు స్నేహితులు, ఒకడి కారును ఇంకొకడు కావాలనే నిదానంగా పెట్టాడని తగువుపడి మాటలు మానేశారు. కుళ్లు వద్దు, ఇది సరదా ఆట అని మిగతావాళ్లు సర్దిచెప్పబోతే మేడం ఒప్పుకోలేదు. "కుళ్లు లేని ఆట కావల్లంటే ఇంట్లో ఒక్కరే ఆడుకోండి" అన్నారు. అప్పటి నుంచి ఇది పెట్టారు.

కొత్తగా వచ్చినవాళ్లు సిగ్గుపడేవాళ్లు. రెండు మూడు ఆదివారాలకు అలవాటైపోయేది. శ్రీను అన్నకైతే అదొక పండగ. "నేను డాక్టర్ సాబ్ మీద కుళ్లుతున్న. వారమంత మంది నోట్ల చెయ్యి పెడ్తడు, ఆదివారం చెయ్యి వణకది" అనేవాడు. డాక్టరు తిరిగి, నీ బండికి ఆటో ఇంజిను పెట్టావేమో చూపించు అనేవాడు. ఆఖరున మేడం, "నాకు మీ అందరి మీదా" అని లైన్ ఇచ్చేవారు. అందులో హాస్యం లేదు. ట్రిగ్గర్ పట్టుకున్న మా వేళ్ల వైపు ఆమె చూసే చూపు నాకు తెలుసు.

ఒకసారి గచ్చిబౌలిలో పనిచేసే ఒక మేనేజరు కొత్తగా చేరాడు. రెండో వారం అడిగితే, తనకు ఎవరి మీదా అసూయ ఉండదన్నాడు. సరేనని మేడం అతన్ని, అంతకు ముందు వారం అతన్ని ఓడించిన కుర్రాడి కోసం బీరువా మలుపు దగ్గర నిలబెట్టారు. కారు ఎగిరింది. మేనేజరు ఎంత ఆత్రంగా తీసి పెట్టాడంటే, దాని గాడిలో కాకుండా పక్క గాడిలో పెట్టేశాడు. ఇప్పుడు ఆ కారు ఇంకొకరి ట్రిగ్గరుకు కదులుతోంది. అదే గాడిలో వెనక నుంచి వస్తున్న ఆ ఇంకొకరి కారు దాన్ని గుద్దుకుని గోడ దాకా పోయింది. మేడం లైన్ ఆపేశారు. అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఆమె నవ్వలేదు.

"లేదని చూపించుకునేదానికి పోతే ఇట్లే అవుతాది నాయనా. కుళ్లు ఉండనీ. చెయ్యి నిదానంగా పోనీ."

ఆ మాట తర్వాత నాకే తగులుతుందని అప్పుడు తెలియదు.

మేఘన గురించి చెప్పాలి. తనది తెల్లాపూర్‌లో పెద్ద గేటు ఉన్న కాలనీ. వాళ్ల పెద్దలది కర్నూలు. మేడంతో మాట్లాడేటప్పుడు ఆ ఊరి మాట దానంతట అది వచ్చేసేది. ఊరి వరసన మేడంను అత్తా అనేది. మేడం తనను ఇంటిపిల్లను పిలిచినట్టు 'ఏం మే' అనేవారు, నన్ను 'ఏం మ్మా' అనేవారు. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని నేను ఎన్ని ఆదివారాలు మనసులో కొలిచానో. తన కార్లు బయటి దేశాల నుంచి వచ్చేవి. ఆలస్యంగా వచ్చేది, టైర్లు తుడిచేది కాదు, అయినా గెలిచేది. నేను అందరికంటే ముందు వచ్చి, ట్రాక్ తుడిచి, వైర్లు సర్ది, రెండో స్థానంలో ఉండేదాన్ని. ఉగ్గాని అయిపోయిన రోజు కూడా తన కోసం ఒక డబ్బా పక్కన ఉండేది.

ఒక రోజు ఉండబట్టలేక, నాకెందుకు దాచరని మేడంను అడిగేశాను. "నువ్వు వచ్చిన మొదటి రోజు మిరపకాయ తీసి పక్కన పెట్టినావు. కారం తినవేమో అనుకున్నా" అన్నారు. తర్వాతి ఆదివారం నాకూ ఒక డబ్బా వచ్చింది. అందులో మిరపకాయ లేదు. మేఘన డబ్బాలో ఉంది. నాకు దాని మీద కూడా కుళ్లే.

ఇంత ఉండి, ఎవరి మీద అని అడిగినప్పుడు నేను మేఘన పేరు చెప్పేదాన్ని కాదు. డాక్టరు కంట్రోలర్ అనో, శ్రీను అన్న ధైర్యం అనో చెప్పి తప్పించుకునేదాన్ని. మా ఇంట్లో నన్ను బడిలో వేసినప్పటి నుంచి, ఎవరి మీదా కుళ్లుకోకు, వాళ్ల అదృష్టం వాళ్లది అని చెప్తూ పెంచారు. అట్లా చెప్పిన మా అమ్మే మేడం పేరు ఎత్తితే ముఖం తిప్పుకునేది. "నేను చెప్పిన ముచ్చట ఒక్కటన్న యాదుంటదా నీకు? ఆమె ఏం కూర తిన్నదో గూడ వచ్చి చెప్తవు" అని గిన్నెలు గట్టిగా తోమేది.

మేడంకు కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలిసింది పోయిన వానాకాలంలో. డయాలసిస్ మొదలైంది. మెట్లెక్కడం కష్టమైంది. ఈ సీజన్ ఆఖరి పందెం రోజు కుర్చీ ఇంకొకరికి ఇస్తానని ఆమే చెప్పారు. ఎవరికో అప్పుడే చెబుతానన్నారు.

ఆ కుర్చీ నాకు కావాలి. ఇంతగా నేను ఉద్యోగం కూడా కోరుకోలేదు. పందెంలో మేఘనను గెలవలేనని తెలిసిపోయింది కాబట్టి, మేడం నమ్మకంలోనైనా గెలవాలనుకున్నాను. ట్రాక్‌లో ఎక్కడ రాగి పట్టీ లేస్తుందో, ఎండాకాలం ఏ గాడి బిగుసుకుపోతుందో నాకే తెలుసు. నాకు కాకపోతే ఇంకెవరికి ఇస్తారు?

ఆఖరి ఆదివారం శ్రీను అన్న, ఇంకొకాయన ఇద్దరూ మేడంను కింద షాపు కుర్చీతో సహా మోసుకుని పైకి తెచ్చారు. దారి పొడుగునా, మీరు ప్లైవుడ్ కంటే తేలిక అయ్యారని శ్రీను అన్న వేళాకోళం. ఆమె, జాగ్రత్త, పడేస్తే జీతం కోస్తానని బెదిరింపు. అందరం నిలబడ్డాం. నా వంతు వచ్చింది. ఎవరి మీద అని అడిగారు.

"మేఘన మీద" అన్నాను. "తను ఏం చేయకపోయినా మీకు ఇష్టం, అందుకు."

ఎవరూ నవ్వలేదు. నిజం చెప్పినందుకు మేడం మెచ్చుకుంటారని, దానితో కుర్చీ నాదవుతుందని లోపల ఒక లెక్క కూడా ఉంది. దాచడం ఎందుకు. ఆమె తల ఊపి, పోయి బీరువా దగ్గర నిలబడమన్నారు.

మేఘన కారు ఆ రోజు ఒక్కసారి కూడా ఎగరలేదు. నేను చెయ్యి చాపి పందెం అయిపోయేదాకా ఊరికే నిలబడ్డాను. చేయడానికి ఏమీ లేకపోతే మనిషి ఏం చేస్తుంది, చూస్తుంది. ఇన్నాళ్లూ పక్కన నిలబడి ఆడుతూ నేను చూడనివి ఆ మలుపు దగ్గర నుంచి కనిపించాయి. తను మలుపు రాకముందే, చాలా ముందే ట్రిగ్గర్ వదిలేస్తుంది. మలుపు మధ్యలో మళ్లీ నెమ్మదిగా నొక్కుతుంది. నేను దానికి సరిగ్గా తిరగేసి చేసేదాన్ని. ఇంకొకటి కూడా చూశాను. ఎడమ అరచేతిని మాటిమాటికీ బట్టకు తుడుచుకుంటోంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. అంత సులభంగా గెలుస్తుందనుకున్న మనిషి అంత భయపడుతూ గెలుస్తోంది.

గెలిచింది. మేడం చప్పట్లు ఆగనిచ్చి, "ఇంగ ఈ కుర్చీ మేఘనది" అన్నారు. అంతే అన్నారు.

నేను ఆ తర్వాత కొన్ని ఆదివారాలు పోలేదు. ఆఫీసు పని అని చెప్పాను. ఆఖరికి ఆగలేక, నల్లగండ్లలోనే ఉన్న వాళ్ల ఫ్లాటుకు పోయాను. మేడం మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. చేతికి పట్టీ ఉంది. తాగడానికి నీళ్లు కూడా కొలిచి ఇస్తున్నారు. ఆ స్థితిలో ఉన్న మనిషిని అడగకూడదు. అడిగాను.

"కుర్చీ నాకెందుకు ఇవ్వలేదు మేడం?"

"మేఘన ఓడిపోతే బాగుండు అనిపిస్తాదా నీకు?"

అనిపిస్తుందన్నాను.

"దాని బండికి ఎవరో అడ్డం వచ్చినారనుకో. బటన్ మీద నీ వేలు ఉండాది. ఏం చేస్తావు?"

"న్యాయంగానే చేస్తాను."

"చేస్తావు. మరీ ఎక్కువ న్యాయంగా చేస్తావు. కుళ్లు లేదని చూపించేదానికి దాని పక్కకే మొగ్గుతావు, మధ్యలో ఇంకెవని బండో పోతాది." ఆమెకు ఆయాసం వచ్చింది. నేను లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. "మేఘనకు ఎవరి మీదా లేదు. అన్నీ గెలిచేసింది, ఆకలి తీరిపోయింది. తీర్పు చెప్పేదానికి అట్లాంటోళ్లే పనికొస్తారు. నీకు ఇంగా ఆకలి ఉండాది. కుర్చీలో కూచుంటే అది ఎట్ల తీరుతాది? నేను కూచున్నా గదా, నాకు తీరిందా? పోయి ఆడుకో మ్మా."

ఆ మాట నాకు నచ్చలేదు. ఇప్పటికీ పూర్తిగా నచ్చిందని చెప్పలేను. మెట్లు దిగుతుంటే, కుళ్లు లేదన్నందుకు కూడా మేఘన మీద కుళ్లు పుట్టింది. కానీ ఆమె చెయ్యి పట్టుకున్న చోటు మా ఇంటికి వచ్చేదాకా వెచ్చగా ఉన్నట్టే అనిపించింది. మళ్లీ ఆదివారం నుంచి పోయాను. మలుపుకు ముందే ట్రిగ్గర్ వదలడం నేర్చుకోవడం మొదలుపెట్టాను. మేడం అది చూడలేదు. మేడంను నేను మళ్లీ ప్రాణంతో చూడలేదు.

ఆ సోమవారం ఫోన్ రాగానే సెలవు పెట్టి పోయాను. ఫ్లాటు ముందు మనుషులు కిక్కిరిసి ఉన్నారు. వడ్రంగులు, కాంట్రాక్టర్లు, ఎదురు షాపు ఆయన, సాఫ్ట్‌వేర్ పిల్లలు. అందరూ ఒకటే మాట: నేనంటే ఆమెకు ప్రాణం. ఎదురు షాపు ఆయనైతే, ఆమె పొద్దున్నే షాపు తెరిచి ముందు మా వైపు చూసేది అని కళ్లు తుడుచుకున్నాడు. నాకు ఒక్కొక్కరిని ఆపి, మీకు ఆమె బల్ల మడిచి ఇచ్చారా అని అడగాలనిపించింది.

సాయంత్రం డ్యూటీ దిగి మా అమ్మ కూడా వచ్చింది. నేను పిలవలేదు. యూనిఫాం మీద కొంగు కప్పుకుని, గుంపులోంచి ముందుకు పోయి మేడంను చాలాసేపు చూసింది.  తిరిగి వచ్చేటప్పుడు, రైలు ఎక్కాక అంది. "చాన పొడుగు మనిషి అనుకున్న. నా అంతనే ఉన్నది."

పెద్ద కర్మ అయిపోయాక వచ్చిన ఆదివారం, షాపు మీది అంతస్తు మళ్లీ తెరిచాం. ట్రాక్ నేనే తుడిచాను. పంచె గుడ్డ ఎక్కడుందో నాకు తెలుసు. మేఘన ఆ రోజు ఆలస్యంగా రాలేదు. కుర్చీలో కూర్చుని, గొంతు సవరించుకుని, ఎవరి మీద అని అడగడం మొదలుపెట్టింది. శ్రీను అన్న, "ఇగ నేను మేడం మీదనే. మనల్ని ఇక్కడ పరేషాన్‌ల పెట్టి ఆమె పోయి హాయిగ పన్నది" అన్నాడు.  నా వంతు వచ్చినప్పుడు, మేఘన మీద అన్నాను. కుర్చీకి, మొదట తనకు వచ్చిన ఫోన్‌కి, రెంటికీ అన్నాను.

అన్నాక అందరికీ ఒక చిక్కు వచ్చింది. కుర్చీలో ఉన్న మనిషి ఆడదు కదా, మరి నేను ఎవరి కోసం మలుపు దగ్గర నిలబడాలి? మేడంను అడగడానికి లేదు. డాక్టరు ఏదో చెప్పబోయాడు. మేఘన చెయ్యెత్తి ఆపింది.

"నేనూ చెప్పాలి" అంది. "నాకు నీ మీద. పోయిన నెల నుంచి చూస్తున్నా. నువ్వు మలుపు తీసుకునే పద్ధతి మారిపోయింది, వారం వారం వేగం పెరుగుతోంది. నాకు ఇక్కడ కూర్చుని బటన్ నొక్కడం తప్ప పని లేదు. ఇంటికి పోయి పడుకున్నా నీ బండి చప్పుడే వినిపిస్తోంది." కళ్లు తుడుచుకుని, మేడం మాట చెప్పింది. "కుర్చీ ఇచ్చిన రోజు అత్త నాకు ఒకటే చెప్పింది. ఎవరి మీదన్నా కుళ్లు పుట్టిన రోజు దిగిపో మే అని."

లేచింది. కుర్చీ ఖాళీ అయింది. నేను నాలుగడుగులు వేస్తే చాలు, అది నాది. అడ్డుచెప్పేవాళ్లు ఎవరూ లేరు. నేను కోరుకున్నది అంత దగ్గరగా, అంత ఊరికే దొరికే రోజు వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. కానీ ఆ రోజు నాకు వచ్చింది ఎర్ర గాడి. కంట్రోలర్ తగిలించి ఉంది, కారు గీత మీద పెట్టి ఉంది. నా వేలు అప్పటికే ట్రిగ్గర్ మీద ఉంది. దాన్ని తీయబుద్ధి కాలేదు.

కుర్చీలో నేనుంటే దిగిపోవాలని తోచేదా, తనకే ఎందుకు తోచింది అని మాత్రం అనిపించింది.

చివరికి శ్రీను అన్న వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "నాకేం ఫికర్ లేదు. నా బండి ఎట్లాగూ ఖరాబైంది ఇయ్యాల" అని బటన్ మీద వేలు పెట్టాడు. లైన్ ఇచ్చే ముందు మేడం ఎప్పుడూ అనే ఆ మాట అనబోయి మానేసి, మా వైపు చూసి తల ఊపాడు. ట్రాక్‌లో కరెంటు వచ్చింది.

నేను నొక్కాను. కారు పొడుగు దారి దాటి, గోడ వారగా తిరిగి, చివరి వైపుకు దూసుకుపోయింది. అక్కడ బీరువా పక్కన మేఘన నిలబడి ఉంది. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, ముందుకు వంగి, రెండో చెయ్యి మలుపు మీద గాలిలో చాపి ఉంచింది. వేళ్లు కొంచెం వంచి ఉన్నాయి. ఆ చెయ్యి నా బండి ఎగరాలని చూస్తోందో, ఎగరకూడదని చూస్తోందో నాకు తెలియలేదు, బహుశా తనకూ తెలియదు. కారు అటే పోతోంది. మలుపు ఇంకా రాలేదు. నేను ట్రిగ్గర్ వదిలాను.